సొంత గాలితో భీమిలికి

సుద్దలపల్లెలో తెలివైన కొంప ఏదని అడిగితే ఊరంతా ఒకే ఇంటిని చూపిస్తుంది. చూపించేటప్పుడు కాస్త నవ్వుతుంది. ఆ నవ్వు మర్యాద కొద్దీ వస్తోందని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ఒకరి నమ్మకాన్ని చెడగొట్టడానికి నేనెవణ్ణి? జరిగింది చెబుతాను, నవ్వాలో వద్దో మీరే చూసుకోండి.

ఆ ఇంట్లో ముగ్గురు. పెద్దది సుంకులమ్మ. యాభై ఆరేళ్ళు, చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆమె తర్వాత ఓబులేసు. ఆఖరివాడు మద్దిలేటి. తమ్ముళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఇరవయ్యేళ్ళ కిందట పెళ్ళిచూపులకు పోతే ఆడపిల్లవాళ్ళు, "మళ్ళీ కబురు చేస్తాం, అందాకా ఆగండి" అన్నారు. అంతే. ఇద్దరూ ఇప్పటికీ ఆగి ఉన్నారు.

వాళ్ళ పని నాపరాళ్ళు కోయడం. కోసిన రాయి మళ్ళీ అతకదు కాబట్టి ఆ పనిలో ఒక కట్టుబాటుంది. కొనేవాళ్ళు పంపిన చీటీలో ఎంత రాస్తే అంతే కోయాలి, సొంత బుర్ర వాడకూడదు. ఈ కట్టుబాటు ఆ ఇంటికి అతికినట్టు సరిపోయింది. ఒకసారి ఒక ఆసామి గడప రాయికి కొలత రాసి, అడుగున "త్వరగా పంపండి, ఇంట్లో పెళ్ళి" అని రాశాడు. అన్నదమ్ములు గడప రాయి కొలతకు కోసి, దాని మీద "త్వరగా పంపండి, ఇంట్లో పెళ్ళి" అని ఉలితో చెక్కి పంపారు. ఆ ఇంట్లో పెళ్ళయి పిల్లలు బడికి పోతున్నా గడప మాత్రం ఇంకా తొందరపెడుతూనే ఉంది.

"రాసింది రాసినట్టు చేసేవాడికి తప్పు ఎట్ల వస్తాది?" అని ఓబులేసు మీసం దువ్వుతాడు. నిజమే మరి.

సుంకులమ్మ రోజూ గనికి సైకిలు మీద సంగటి క్యారియరు తీసుకుపోతుంది. పోను నాలుగు మైళ్ళు, రాను నాలుగు మైళ్ళు. దారంతా ఎత్తుపల్లాలే, పైగా ఎదురుగాలి. నలభై ఏళ్ళు అలా తొక్కి తొక్కి ఆమెకు ఒకే ఒక్క కోరిక మిగిలింది. సముద్రం పక్కన రోడ్డుంటుందనీ, అక్కడ గాలి వెనక నుంచి తోస్తుందనీ, పెడలు మీద కాలు పెట్టక్కరలేదనీ ఎవరో లారీ డ్రైవరు చెప్పాడు. "ఒక్కసారన్నా తొక్కకుండా పోవాల నాయనా" అనేది. తమ్ముళ్ళకు ఆ మాట వింటే గుండె కరిగిపోయేది. తెలివి సంగతి ఎలా ఉన్నా, అక్కంటే వాళ్ళకు ప్రాణం.

ఆ ఏడు నంద్యాలలో ఆడవాళ్ళ సైకిలు పందెం పెట్టారు. సుంకులమ్మ అందరికన్నా ఆఖరున వచ్చింది. అయితే యాభై దాటినవాళ్ళ వరుసలో ఆమె ఒక్కతే ఉంది. ఇంకేముంది, మొదటి బహుమతి. ముగ్గురికి విశాఖపట్నానికి విమానం టికెట్లు, అక్కణ్ణుంచి భీమిలిలో మూడు రోజుల సైకిలు యాత్ర. ఎవరి సైకిలు వాళ్ళే తెచ్చుకోవాలి. దాంతోపాటు ఒక కాగితం వచ్చింది. విమానం దిగింది మొదలు బసకు చేరేదాకా ఏం చెయ్యాలో అందులో వరసగా రాశారు. అడుగున ఎర్రసిరాతో గీత గీసి ఒక మాట కూడా రాశారు: సాయంత్రం ఐదు లోపల బసకు చేరి, సైకిలు తొక్కడానికి సిద్ధంగా ఉన్నట్టు చూపించకపోతే యాత్ర రద్దు.

సుంకులమ్మ ఆ ఎర్రగీత మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది.

"భయపడొద్దక్కా" అన్నాడు ఓబులేసు. "చీటీ ఉండాది గదా. చీటీ ఉండాక మనల్ని కొట్టేవాడెవడు?"

కాగితంలో మొదటి మాట, టైర్లలో గాలి తీసి సైకిళ్ళు అట్టపెట్టెల్లో పెట్టమని. రెండో మాట, బసకు చేరాకే పెట్టెలు విప్పి మళ్ళీ గాలి పెట్టుకోమని. మద్దిలేటి ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించాడు.

"తీసిన గాలి మళ్ళీ పెట్టాలన్నారు. అంటే గాలిని కూడా తీసుకుపోవాల."

"లేకపోతే యాడ దొరుకుతాది?" అన్నాడు ఓబులేసు.

అంతే. ఆరు పెద్ద ప్లాస్టిక్ సంచులు తెచ్చారు. ఒక్కో టైరు మూతికి ఒక్కో సంచి పట్టి, గాలి వదిలి, మూతి బిగించి దారంతో కట్టారు. ముందు చక్రం గాలి వెనక చక్రంలో కలిసిపోకుండా ఒక్కోదానికీ చీటీ అంటించారు. ఆరు సంచులనూ తాడుకు గుచ్చి ఓబులేసు మెడలో వేసుకున్నాడు. ఊళ్ళో వాళ్ళు బస్సు దాకా వచ్చి సాగనంపారు. అంత నవ్వు ముఖాలతో ఎవరినీ ఎప్పుడూ సాగనంపలేదట.

విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆఫీసరు సంచులు చూశాడు.

"ఏముంది ఇందులో?"

"గాలి సార్."

"ఏం గాలి?"

"ఇది అక్క ముందు చక్రానిది. ఇది వెనకది. ఈ రెండూ నావి. అవి తమ్ముడివి."

ఆఫీసరు పుస్తకం తిరగేశాడు. కత్తుల గురించి రాసి ఉంది, నీళ్ళ గురించి రాసి ఉంది, గాలి గురించి ఏమీ లేదు. అనుమానం తీరక ఒక సంచి మూతి విప్పాడు. ఉస్సుమని ఊరుకుంది. అది సుంకులమ్మ ముందు చక్రం. ముగ్గురూ తలలు దించుకుని నిలబడ్డారు. ఎందుకో తెలియకపోయినా ఆఫీసరు కూడా కాసేపు తల దించుకున్నాడు. తర్వాత మద్దిలేటి తన ముందు చక్రం సంచి మీద చీటీ పీకి, అక్క పేరు అంటించాడు.

"నీకెట్ల రా?" అంది సుంకులమ్మ.

"నేను వెనక చక్రంతో పోతాలేక్కా."

విమానం పైకి లేచాక చిత్రం జరిగింది. పైన గాలి పలచన కదా, సంచులన్నీ బిర్రుగా ఉబ్బాయి. మద్దిలేటి కళ్ళు పెద్దవి చేసి చూశాడు. "అన్నా, గాలి ఈనింది" అన్నాడు. కిందికి దిగేసరికి సంచులు మళ్ళీ మామూలుగా జారిపోయాయి. వచ్చింది వచ్చినట్టే పోయిందని అన్నదమ్ములు కొంచెం బాధపడ్డారు, కానీ అసలుకు మోసం రానందుకు స్థిమితపడ్డారు.

విశాఖలో దిగేటప్పటికి ఉదయం పదకొండు. కాగితం ప్రకారం, సామాను చేతికి వచ్చాకే బయటికి రావాలి. ముగ్గురూ తిరిగే బెల్టు పక్కన చేతులు చాచి నిలబడ్డారు. సైకిలు పెట్టెలు వచ్చాయి, ముందు నుంచి వెళ్ళిపోయాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ వెళ్ళిపోయాయి.

"మనవే గదా?" అంది సుంకులమ్మ.

"మనవే. చేతికి రాలేదింకా" అన్నాడు ఓబులేసు.

ఒక పెద్దాయన జాలిపడి మద్దిలేటి చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టాడు. అది తమ సామాను కాదని మద్దిలేటి బెల్టు మీద వేశాడు. అది కూడా తిరిగింది. జనమంతా పోయి బెల్టు ఆగిపోయాక, తాళాలు వేసుకునే మనిషి వచ్చి మూడు పెట్టెలూ ఎత్తి మూడు జతల చేతుల్లో పెట్టాడు. అప్పటికి గంట గడిచింది.

బయట 'సుంకులమ్మ, సుద్దలపల్లె' అని రాసిన బోర్డు పట్టుకుని ఒక డ్రైవరు నిలబడి ఉన్నాడు. పేరు సన్యాసిరావు. మంచివాడు. అందుకే ఇన్ని పడ్డాడు.

"ఏటండీ ఇంత ఆలీసం? రండి, రండి" అన్నాడు.

ఓబులేసు ముందు బోర్డు తీసుకున్నాడు. "ఇది మా అక్క పేరు" అన్నాడు. పేరు ఎవరిదైతే బోర్డు వాళ్ళదే కదా అని సన్యాసిరావు ఇచ్చేశాడు. "బండి అవతల పెట్టేను. తెచ్చేస్తాను. ఇక్కడే ఉండండి, కదలకండి, ఏం?" అని చెప్పి వెళ్ళాడు.

ఓబులేసు కాగితం తీశాడు. మీ పేరున్న బోర్డు పెట్టిన బండి తప్ప మరే బండీ ఎక్కవద్దు అని రాసి ఉంది. ఈలోగా చేతులు నొప్పెట్టి మద్దిలేటి ఆ బోర్డును సామాను తోసుకునే ట్రాలీకి తగిలించాడు. ఓబులేసు కాగితం చూశాడు, ట్రాలీ చూశాడు, దానికి వేలాడే బోర్డు చూశాడు.

"బండి ముందే వచ్చి ఉండాది గదా. ఆయప్ప పాపం యాడో ఎతుకుతాండాడు."

ఇంకేముంది. పెట్టెలు కింద, వాటి మీద సుంకులమ్మ, ఆమెకు అటొకడు ఇటొకడు. ముగ్గురూ ట్రాలీ ఎక్కి, అది బయలుదేరేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. తోవకు అడ్డమని ఊడ్చే ఆమె ట్రాలీని ఒక తోపు తోసింది. అక్కడ వాలు. బండి మెల్లగా కదిలి, తర్వాత గట్టిగా కదిలి, గేటు దగ్గర కాపలావాడి కుర్చీకి తగిలి ఆగింది.

"కదలొద్దన్నాడు గదరా డ్రైవరు" అంది సుంకులమ్మ.

"మనం కదల్లేదక్కా. బండి కదిలింది."

కాపలావాడు ట్రాలీ లాక్కుని బోర్డు వాళ్ళ చేతిలో పెట్టాడు. వెనక సన్యాసిరావు బండి తెచ్చి, మనుషుల్లేక, లోపలా బయటా వెతకడం మొదలుపెట్టాడు. ఫోను చేశాడు. పలకలేదు. ఫోన్లు కట్టెయ్యమని విమానంలో చెప్పారు. మళ్ళీ పెట్టమని ఎవరూ చెప్పలేదు.

ముగ్గురూ పెట్టెలు నెత్తిన పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. ఎండ చుర్రుమంటోంది. ఆటోవాళ్ళు నలుగురు ఎదురొచ్చారు. "నీ బండికి బోర్డు లేదు నాయనా" అని నలుగురినీ పంపేశారు. అంతలో మద్దిలేటికి తెలివి వెలిగింది. ఆ ఇంట్లో అది వెలిగినప్పుడల్లా ఎవరో ఒకరికి కష్టం.

"బోర్డు మన చేతిలోనే ఉండాది గదన్నా. ఏ బండికి తగిలిస్తే అదే మన బండి."

ఎదురుగా సిటీ బస్సు ఆగి ఉంది. డ్రైవరు, కండక్టరు టీ తాగుతున్నారు. మద్దిలేటి వెళ్ళి బస్సు నుదుట, ఊరి పేరు మీదుగా, అక్క పేరు కట్టి వచ్చాడు. ముగ్గురూ దర్జాగా ఎక్కి కూర్చున్నారు. బస్సు బయలుదేరింది. ప్రతి స్టాపులోనూ జనం ముందుకొచ్చి, బోర్డు చదివి, ఏదో అమ్మవారి జాతరకు వేసిన స్పెషల్ అనుకుని వెనక్కి తగ్గారు. ఒక ముసలామె బస్సుకు దణ్ణం పెట్టి ముందు అద్దం కింద పసుపు కుంకాలు చల్లింది. "ఈ ఊరోళ్ళకు అక్కంటే ఎంత మర్యాదో" అన్నాడు ఓబులేసు. సుంకులమ్మ కిటికీలోంచి అందరికీ చెయ్యి ఊపింది.

బస్సు ఎందుకు నిండలేదో కండక్టరుకు బీచి దగ్గర ఆఖరు స్టాపులో తెలిసింది. బోర్డు పీకి లోపలికి తెచ్చాడు.

"ఎవల్ది ఇది?"

"మాది. మీరు తీసేసినారు గదా, ఇంక ఇది మా బండి కాదు" అని బోర్డు తీసుకుని ముగ్గురూ పెట్టెలతో దిగిపోయారు. భీమిలి వెళ్ళే బస్సు పక్కనే ఉందని చెబుదామని కండక్టరు నోరు తెరిచి, ఎందుకో మూసుకున్నాడు.

అక్కడ సుంకులమ్మ మొదటిసారి సముద్రాన్ని చూసింది. నెత్తిన సైకిలు పెట్టె ఉందన్న సంగతి మరిచిపోయి అలాగే నిలబడింది. రాళ్ళ దుమ్ము తప్ప ఎరగని కళ్ళకు అంత నీలం ఒక్కసారి అందేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. "ఎంత ఉండాదో చూడండిరా" అని మాత్రం అంది. గాలి కొంగును వెనక నుంచి తోస్తోంది. ఆ గాలి కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది. ఐదు లోపల చేరకపోతే అది ఒంటికి తగిలి ఊరుకుంటుంది, చక్రానికి తగలదు. అప్పుడు టైము రెండు.

ఓబులేసు కాగితం చదివాడు. దారి తెలియకపోతే సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని సాగండి అని ఉంది. మంచి సలహానే. సముద్రాన్ని కుడిచేతికి పెట్టుకుని నడక సాగించారు. వంద గజాలు పోయాక మద్దిలేటి చెప్పు ఊడి వెనక పడిపోయింది. తెచ్చుకుందామని వెనక్కి తిరగబోయాడు.

"తిరగొద్దురా" అన్నాడు ఓబులేసు. "తిరిగితే సముద్రం ఎడమచేతికి వచ్చేస్తాది."

అంతే. మద్దిలేటి ముఖం ముందుకే పెట్టి, వెనక్కి వెనక్కి నడిచి, చెప్పు దాటిపోయి, మళ్ళీ ముందుకొచ్చి తొడుక్కున్నాడు. ఎదురొచ్చిన ఒక జాలరి, పెట్టెల్లో ఏముందని అడిగాడు.

"సైకిళ్ళు."

"మోసుకెళ్ళడం ఎందుకు, తొక్కుకుని ఎల్లొచ్చు కదా?"

"బసకు పోయినాకనే విప్పాల."

"మరి మెడలో అదేటి?"

"గాలి."

జాలరి సముద్రం వైపు చూశాడు, సంచుల వైపు చూశాడు, తన దారిన తను పోయాడు.

మూడింటికి సన్యాసిరావు బండి వెనక నుంచి వచ్చి సర్రున ఆగింది. వాళ్ళను వెతికి వెతికి అతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"అమ్మా, తల్లీ, ఎక్కండమ్మా" అన్నాడు.

"నీ బండికి మా బోర్డు లేదే" అన్నాడు ఓబులేసు.

"బోర్డు మీ దగ్గరే ఉంది కదా బాబూ. తగిలించీయండి."

"ఆ మాట అక్కడే చెప్పి ఉంటే ఇంత తిప్పలుండేదా?" అని ఓబులేసు అతన్ని చిన్నగా మందలించాడు. సన్యాసిరావు తప్పయిపోయిందన్నాడు. చెప్పాను కదా, మంచివాడని.

బండి హాయిగా సాగింది. సగం దారిలో డీజిలు అయిపోవచ్చింది. బంకు అర కిలోమీటరు వెనకే ఉందని సన్యాసిరావు బండి తిప్పబోయాడు. సముద్రం కుడి నుంచి ఎడమకు జారడం చూసి ముగ్గురూ తలుపులు పట్టుకుని దూకబోయారు. ఇంకేముంది, పాపం ఆ అర కిలోమీటరూ సన్యాసిరావు రివర్సులో నడిపాడు. వెనక వచ్చే లారీలవాళ్ళు అతని అమ్మానాన్నల్ని తలుచుకుంటూ పక్కకు తప్పుకున్నారు. బంకులో డీజిలు పోసే అబ్బులు మాత్రం ఏమీ అడగలేదు. యాత్రల బండ్లను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాడు.

నాలుగున్నరకు బస వచ్చింది. కానీ ఇక్కడొక చిక్కు పడింది. బస సముద్రం ఒడ్డున ఉంది, గేటు రోడ్డు వైపు ఉంది. లోపలికి పోవాలంటే సముద్రానికి ఎదురుగా నడవాలి. అది కుడిచేయి కాదు. ముగ్గురూ గేటు ముందు దిగి ఆలోచనలో పడ్డారు. అయిదు నిమిషాలు పోయాయి, పది పోయాయి. సుంకులమ్మ ముఖం పాలిపోయింది. చివరికి ముగ్గురూ ఉత్తరం వైపు ముఖం పెట్టి, కుడిభుజం ముందుకు తోసి, పెట్టెలు నెత్తిన పెట్టుకుని, పీతల్లాగా అడ్డంగా గేటులోకి నడిచారు.

బస నడిపే అచ్చియ్యమ్మ గారు అరుగు మీద నిలబడి చూస్తోంది. ఎందరినో చూసిన మనిషి, కంగారుపడలేదు. "అమ్మా, గంటలో పావు భాగమే ఉంది. సైకిళ్ళు చూపించీయండి, పేర్లు రాసేస్తాను" అంది.

పెట్టెలు విప్పడం, హ్యాండిళ్ళు తిప్పడం, పెడళ్ళు బిగించడం గబగబా అయిపోయాయి. పనిలో వాళ్ళకు వంక పెట్టలేం. మిగిలింది గాలి. ఓబులేసు సంచి మూతిని టైరు మూతికి పెట్టి గట్టిగా నొక్కాడు. గాలి లోపలికి పోలేదు, పక్కనుంచి జారిపోయింది. రెండో సంచీ అంతే. మూడోదీ అంతే. అచ్చియ్యమ్మ పంపు తెచ్చి ఇచ్చింది. మద్దిలేటి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ఉండేది ఏ ఊరి గాలమ్మా?"

"ఏ ఊరి గాలేటి? ఇక్కడిదే. సముద్రపు గాలి."

"పరాయి గాలి మాకొద్దు" అన్నాడు ఓబులేసు. "మీ గాలి తీసి మళ్ళీ పెట్టుకోండని రాసినారు."

గోడ మీద గడియారం అయిదుకు మూడు నిమిషాలు చూపిస్తోంది. అచ్చియ్యమ్మ పెన్ను మూత పెట్టబోయింది. సుంకులమ్మ తమ్ముళ్ళ వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో చీటీకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. 

"ఓబులేసూ, నేను నలభై ఏండ్లుగా అడిగింది ఆ గాలే గదరా. అది నన్ను బయట నుంచి తోస్తే ఏమి, చక్రం లోపలుండి తోస్తే ఏమి?"

ఓబులేసు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పంపు అందుకుని తనే వంగి అక్క చక్రాలకు గాలి కొట్టాడు. కొడుతూ కొడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అయిదు కొట్టేసరికి మూడు సైకిళ్ళూ నిటారుగా నిలబడ్డాయి. అచ్చియ్యమ్మ పేర్లు రాసేసింది.

ఇక్కడితో ఆపేస్తే నాకూ బాగుండేది, వాళ్ళకూ బాగుండేది.

మర్నాడు పొద్దున్నే అచ్చియ్యమ్మ వాళ్ళకు టీ ఇచ్చి దారి చెప్పింది. "ఊరు దాటి, వంతెన దాటి, అలా ఒడ్డంట వెళ్ళండమ్మా. గాలి ఎనకాల నుంచే వస్తాది. ఓపికున్నంత దూరం వెళ్ళండి. ఎంత దూరం వెళ్ళేరో అక్కడ రోడ్డు పక్క రాయి మీద రాసుంటాది. రాసున్నది తెచ్చి చూపిస్తే పుస్తకంలో ఎక్కిస్తాను."

వంతెన దాటాక సుంకులమ్మ పెడళ్ళ మీంచి కాళ్ళు తీసింది. మొదట ఒకటి, తర్వాత రెండోది. సైకిలు ఆగలేదు. గాలి వీపున చెయ్యి వేసి తోస్తోంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క సరుగుడు తోటలు, చీర కుచ్చిళ్ళు టపటపలాడుతున్నాయి. ఆమె చిన్నపిల్లలా రెండు కాళ్ళూ చాపి కూర్చుంది. వెనక తమ్ముళ్ళు తొక్కుతున్నారు. అంత సంతోషంగా అక్కను వాళ్ళెప్పుడూ చూడలేదు.

రాయి కనిపించాక ఆగారు. మోకాలెత్తు రాయి. తిరిగి వచ్చేవాళ్ళ కోసం, భీమిలి అసలు పేరుతో, 'భీమునిపట్నం 6' అని రాసి ఉంది.

"రాసి ఉండేది తెచ్చి చూపించమనింది గదా" అన్నాడు ఓబులేసు.

కాగితమూ పెన్నూ ఎవరికైనా గుర్తొస్తాయి. రాళ్ళు తీసి బతికేవాళ్ళకు మాత్రం గుర్తు రావు. దగ్గర్లో కంచె పాతుకుంటున్న రైతును గడ్డపార అడిగారు. ఎందుకన్నాడు. పుస్తకంలో ఎక్కించాలన్నారు. ప్రభుత్వం మనుషులేమో అనుకుని అతనూ ఒక చెయ్యి వేశాడు. పావుగంటలో రాయి ఊడి వచ్చింది. మద్దిలేటి సైకిలు క్యారియరు మీద కట్టి, ఎదురుగాలిలో చెమటలు కక్కుతూ తోసుకొచ్చారు.

బసకు వచ్చేసరికి అచ్చియ్యమ్మ చేపలకు వెళ్ళింది. వచ్చాక కనబడేట్టు రాయిని గేటు పక్కన పాతారు. తాడు పట్టి, వంకర లేకుండా, చూడముచ్చటగా పాతారు. రోడ్డవతల కుళాయి దగ్గర ముఖాలు కడుక్కుని ముగ్గురూ వెనక్కి తిరిగారు. ఎదురుగా గేటు, గేటు పక్కన రాయి.

ఓబులేసు చదివాడు. మళ్ళీ చదివాడు. పై పంచె తీసి ముఖం తుడుచుకుని ఇంకోసారి చదివాడు.

"అక్కా, ఇది భీమిలి కాదు. ఇంకా ఆరు కిలోమీటర్లుండాది."

సుంకులమ్మ కుళాయి గట్టు మీద కూలబడింది. "మరి ఆ అమ్మ?"

"పాపం ఆమె కూడా పోలేదక్కా. చేరినాం అనుకొని ఇక్కడే ఉండిపోయినట్టుండాది."

అచ్చియ్యమ్మ కోసం మద్దిలేటి కాసేపు బాధపడ్డాడు. కానీ యాత్ర మూడు రోజులే, కూర్చుంటే కుదరదు. సామాను సర్దుకున్నారు. దారిలో మళ్ళీ ఏ తప్పుడు ఊళ్ళోనో దిగిపోకుండా, తోడుగా ఉంటుందని రాయిని కూడా పెరికి క్యారియరు మీద కట్టుకున్నారు. వంతెన దాటారు, సరుగుడు తోటలు దాటారు, కంచె పాతే రైతును దాటారు. అతను ఖాళీ గుంట చూపించి ఏదో అడగబోయాడు, వాళ్ళు ఆగలేదు.

మధ్యాహ్నం ఒక తాటితోపు దగ్గర ఓబులేసు సైకిలు దిగి రాయి ముందు వంగాడు.

"ఎంతుండాది రా?" అంది సుంకులమ్మ.

"ఆరు."

"ఇంత దూరం వచ్చినా ఆరేనా?"

"ఆరేనక్కా. ఇంచు కూడా పెరగలేదు. దారి సరిగ్గానే ఉండాది."

సుంకులమ్మ వెనక్కి చూసింది. గాలి ఇంకా అటునుంచే వీస్తోంది. చీర సర్దుకుని సీటు మీద కూర్చుంది, పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేసింది.

"అయితే తొందరేం లేదు, పాండి" అంది.